ఇంక్‌జెట్ కథ: రంగు ఎక్కడ ఆగిపోతుంది?

1977లో జపాన్‌లోని కెనాన్ పరిశోధనశాలలో సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ ఒకటి పొరపాటున తగిలింది. వెంటనే సూది కొస నుంచి సిరా చిమ్మింది. అక్కడ పనిచేస్తున్న ఇచిరో ఎండో దాన్ని చిన్న ప్రమాదంగా తీసి పారేయలేదు. వేడికి సూదిలోని సిరా క్షణంలో ఆవిరై బుడగ కట్టింది, ఆ బుడగ ముందున్న సిరాను బయటికి తోసింది. ఆ తోపునే అచ్చు వేయడానికి వాడుకోవచ్చన్న ఆలోచన అక్కడ పుట్టింది.

కొద్దికాలానికే అమెరికాలో, హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో జాన్ వాట్ కూడా విడిగా అదే సూత్రాన్ని పట్టుకున్నాడు. కాఫీ పర్కొలేటర్‌లో ఉడుకుతున్న నీళ్లు గొట్టంలోంచి పైకి ఎగదన్నడం ఆయనకు దారి చూపిందంటారు. 1984లో ఆ సంస్థ థింక్‌జెట్ ప్రింటర్ తెచ్చింది. దానికున్న నాజిళ్లు, అంటే సిరా చిమ్మే రంధ్రాలు, పన్నెండే. అచ్చు వేసేది నల్ల సిరాతోనే. అయినా ఆ యంత్రం ఒక గొప్ప పని చేసింది. చెడిపోయే భాగమైన ప్రింట్ హెడ్‌ను సిరా డబ్బీకే అతికించి, సిరా అయిపోగానే రెండూ కలిపి మార్చేసేలా చేసింది. ఇంట్లో ప్రింటర్ రంగులు వేయనని మొండికేసినప్పుడు ఈ నిర్ణయం విలువ తెలుస్తుంది.

సిరాను చిమ్మి గీయడమన్నది అంతకు చాలా ముందే ఉంది. స్వీడన్ ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ 1951లోనే అలాంటి పరికరానికి అమెరికా పేటెంట్ పొందాడు. అది అక్షరాలు అచ్చు వేసేది కాదు, గుండె స్పందనల్లాంటి వేగమైన సంకేతాలను కాగితం మీద గీసేది. బరువైన కలం ఆ వేగాన్ని అందుకోలేకపోవడంతో, ఆయన కలం బదులు సన్నని సిరా ధారను పెట్టాడు. తర్వాత శరీరంలో అమర్చే తొలి పేస్‌మేకర్‌ను తయారుచేసింది కూడా ఆయనే.

ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న ఇంక్‌జెట్లు రెండు వంశాలవి. ఒకటి పైన చెప్పిన వేడి వంశం. నాజిల్ వెనక ఉన్న సూక్ష్మమైన హీటర్ సెకనులో కొన్ని లక్షలవ వంతు కాలంలోనే సుమారు 300 డిగ్రీలకు చేరి బుడగ పుట్టిస్తుంది. రెండోది పీజో వంశం. కొన్ని స్ఫటికాలకు, పింగాణీలకు విద్యుత్తు ఇస్తే ఆకారం కాస్త మారుతుంది. ఆ కదలిక సిరా గదిని నొక్కి చుక్కను బయటికి పంపుతుంది. ఎప్సన్ సంస్థ నమ్ముకున్నది ఈ పద్ధతినే. 1994లో వచ్చిన దాని స్టైలస్ కలర్, అంగుళానికి 720 చుక్కల నాణ్యతతో రంగు ఫొటోలను ఇళ్లలోకి తెచ్చింది. ఈ రకం హెడ్ ఖరీదైనది కాబట్టి ప్రింటర్‌లోనే శాశ్వతంగా ఉంటుంది. 2010లో ఇండోనేషియాలో అదే సంస్థ సీసాలతో సిరా నింపుకునే ట్యాంక్ ప్రింటర్‌ను విడుదల చేసింది. మన జిరాక్స్ షాపుల్లో పక్కన రంగురంగుల ట్యాంకులతో కనిపించే యంత్రాలు ఆ బాటలో వచ్చినవే.

రెండు వంశాలకూ బలహీనత మాత్రం ఒకటే. నాజిల్ రంధ్రం వెడల్పు సుమారు 20 మైక్రాన్లు. తల వెంట్రుక అంతకు మూడు నాలుగు రెట్లు మందం. చుక్క పరిమాణం కొన్ని పికోలీటర్లు, అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు లెక్కన కొన్ని. సిరాలో ఎక్కువ భాగం నీరే. ఎండిపోకుండా గ్లైకాల్ లాంటివి కలిపినా, గాలి తగిలే రంధ్రం అంచున నీరు ఆవిరవుతూనే ఉంటుంది, సిరా చిక్కబడుతూనే ఉంటుంది. ఇళ్లలో, ఆఫీసుల్లో ఎక్కువగా వేసేవి నల్ల అక్షరాల కాగితాలే. నల్ల నాజిళ్లకు రోజూ పని దొరుకుతుంది, రంగు నాజిళ్లు వారాల తరబడి ఊరికే ఉంటాయి. అందుకే నలుపు చక్కగా పడుతూ రంగులు మాత్రం మాయమవుతాయి.

ఏ రంగు ఆగిందో కాగితమే చెబుతుంది. ప్రింటర్ వేసేవి సియాన్ నీలం, మెజెంటా, పసుపు, నలుపు. ఆకుపచ్చ చెట్లు పసుపుగా వస్తే సియాన్ పడడం లేదు. ఎర్ర చీర పసుపుగా వస్తే మెజెంటా లేదు. అదే చీర గులాబీ రంగులోకి తిరిగితే పసుపు లేదు. రంగులన్నీ ఒకేసారి పోయి బొమ్మ బూడిద రంగులో వస్తే, యంత్రాన్ని ముట్టుకోకముందు కంప్యూటర్‌లో 'గ్రేస్కేల్' ఎంపిక ఉందేమో చూడాలి. కాపీ తీసేటప్పుడైతే నలుపు బటన్ నొక్కామా, రంగు బటన్ నొక్కామా అని చూడాలి.

తర్వాత ఒక్కో రంగునూ గీతలుగా వేసి చూపే నాజిల్ చెక్ కాగితం తీయాలి. దీన్ని మించిన పరీక్ష లేదు, అయినా చాలామంది దీన్ని వదిలేసి నేరుగా కొత్త సిరా కొంటారు. గీతలన్నీ నిండుగా వస్తే హెడ్ బాగానే ఉంది, తప్పు సెట్టింగులలోనో సాఫ్ట్‌వేర్‌లోనో ఉంది. గీతలు అక్కడక్కడ తెగితే కొన్ని రంధ్రాలు మూసుకున్నాయి. ఒక రంగు మొత్తంగా రాకపోతే సిరా అక్కడికి చేరడమే లేదని అనుమానించాలి. కొత్త కార్ట్రిడ్జ్ మీది టేపు తీయకపోతే గాలి లోపలికి పోక సిరా దిగదు. కొన్ని ట్యాంక్ ప్రింటర్లకు రవాణాలో సిరా దారిని మూసే మీట ఉంటుంది. దాన్ని తెరవడం మరిచిపోయినా ఇదే జరుగుతుంది.

రంధ్రాలు మూసుకుంటే హెడ్ క్లీనింగ్ చేయాలి. చాలా యంత్రాల్లో ఇది ఒక పంపుతో నాజిళ్లలోంచి సిరాను బలంగా లాగి, అడుగున ఉన్న స్పాంజి లాంటి ప్యాడ్‌లోకి పంపడమే. ఒకటి రెండుసార్లు చేసి, ప్రతిసారీ నాజిల్ చెక్ చూడాలి. అప్పటికీ రంగు రాకపోతే అదే పనిగా క్లీనింగ్ చేయడం తప్పు. సిరా వృథా అవుతుంది, ప్యాడ్ నిండితే ప్రింటర్ పనే మానేస్తుంది. పీజో హెడ్‌లో అసలు శత్రువు చాలాసార్లు గాలి బుడగ. స్ఫటికం నొక్కిన ఒత్తిడికి బుడగ కుదించుకుపోతుందే తప్ప చుక్క బయటికి రాదు. యంత్రాన్ని కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి అలా వదిలేస్తే బుడగ సిరాలో కరిగిపోయే అవకాశం ఉంటుంది. ఓపికే మందు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

వేడి వంశానికి జాగ్రత్త వేరు. అక్కడ సిరాయే హీటర్‌ను చల్లబరుస్తుంది. కార్ట్రిడ్జ్ ఖాళీ అయ్యాక కూడా బలవంతంగా అచ్చు వేస్తే హీటర్ కాలిపోతుంది. ఆ తర్వాత ఎంత సిరా నింపినా ఫలితం ఉండదు. అయితే హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉన్న రకమైతే, కొత్త కార్ట్రిడ్జ్‌తో కొత్త హెడ్ కూడా వస్తుంది. అలాంటి కార్ట్రిడ్జ్ నాజిళ్లను గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన, పోగులు రాలని గుడ్డ మీద కాసేపు ఆనిస్తే ఎండిన సిరా చాలావరకు వదులుతుంది. కుళాయి నీళ్లు వాడకూడదు, వాటిలోని లవణాలు అదే రంధ్రాల్లో పేరుకుంటాయి.

శాశ్వత హెడ్ ఉన్న ప్రింటర్లలో హెడ్ చెడితే ఇంచుమించు ప్రింటరే చెడినట్టు లెక్క కట్టే పరిస్థితి నాకు అన్యాయంగా తోస్తుంది. చిన్న భాగం మూసుకుందని పెద్ద యంత్రం చెత్తలోకి పోకూడదు. హెడ్‌ను కొన్నవాళ్లే విప్పి కడుక్కునేలా, విడిగా కొనుక్కునేలా తయారీ సంస్థలు వీలు కల్పించాలి.

అంతవరకు మన చేతిలో ఉన్నది ఒకటుంది. పని అయ్యాక ప్రింటర్ మీద ఉన్న బటన్‌తోనే దాన్ని ఆపండి. అప్పుడే హెడ్ తన చోటికి వెళ్లి, రబ్బరు మూత కింద గాలి తగలకుండా కూర్చుంటుంది. ప్రింటర్ పనిలో ఉండగానే గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ ఎక్కడున్నది అక్కడే, నాజిళ్లు తెరుచుకునే ఉండిపోతాయి. వారానికోసారి నాలుగు రంగులూ ఉన్న చిన్న బొమ్మ ఒకటి అచ్చు వేయండి. దానికి అయ్యే సిరా ఒక్క హెడ్ క్లీనింగ్‌కు పోయే సిరాలో చాలా తక్కువ వంతు.