అంచు చూసి ధర కట్టరాదు: ఉతకని డెనిమ్ బేరంలో మెలకువలు

(మా వాణిజ్య విలేఖరి)

ఉతకని, గంజి వదలని, నేలమీద నిలబెడితే కూలకుండా నిలిచే ముదురు నీలి జీన్సు ప్యాంటుకు మామూలు జీన్సు కంటె నాలుగైదు రెట్లు ధర పలుకుతున్నది. పాదం దగ్గర మడిచి చూస్తే లోపలి కుట్టు పొడవునా సన్నని తెల్ల అంచు, అందులో ఒక ఎర్ర పోగు కనిపిస్తాయి. దీనినే వర్తకులు సెల్వెజ్ డెనిమ్ అంటున్నారు. ధర అంతా ఆ ఎర్ర పోగులోనే ఉన్నదని కొనేవారే కాదు, అమ్మేవారు కొందరు కూడా నమ్ముతున్నారు. చిక్కు అక్కడే వస్తున్నది. బట్టను ఏ మగ్గంమీద నేశారో అంచు చెబుతుంది. నూలు ఎటువంటిదో, రంగు ఎటువంటిదో చెప్పదు.

మగ్గం సంగతి మన జౌళి వర్తకులకు కొత్త కాదు. నాడె పడుగులో అటూ ఇటూ తిరుగుతుంటే పేక పోగు తెగకుండా అంచు దగ్గర మళ్ళి వెనక్కు వస్తుంది. చేనేత చీర అంచు ఊడకపోవడానికి కారణం ఇదే. పాత నాడె మరమగ్గాలమీద డెనిమ్ కూడా ఇలాగే, 28 నుంచి 32 అంగుళాల పన్నాతో తయారవుతుంది. నాడె లేని కొత్త మగ్గాలు 60 అంగుళాల పన్నాలో పేకను ప్రతిసారీ తెంపి వేస్తాయి. అంచు కుచ్చుగా మిగిలిపోతుంది, కుట్టేటప్పుడు ఓవర్‌లాక్ తప్పదు. కొత్త మగ్గం వేగానికి పాతది ఏ మాత్రం పోటీ కాదు. ఒక నాడె మగ్గం రోజంతా ఆడితే సుమారు 50 మీటర్లు దిగుతుంది.

ఈ సరకుకు పేరు తెచ్చినది అమెరికా. నార్త్ కరొలైనా రాష్ట్రం గ్రీన్స్‌బరోలో కోన్ కంపెనీవారి వైట్ ఓక్ మిల్లు 1905లో మొదలైంది. 1915 నుంచి లీవైస్ ప్యాంట్లకు కోన్‌వారు బట్ట సరఫరా చేశారు. 1980లలో లీవైస్ కంపెనీ వెడల్పు పన్నాకు మారడంతో ఎర్ర అంచు మామూలు దుకాణాల నుంచి మాయమైంది. వైట్ ఓక్ మిల్లు కూడా 2017 డిసెంబరు ఆఖరున మూతపడింది. దిగిపోయిన తానులు దిగిపోయినవే, కొత్తవి రావు కనుక, అప్పటికి కొని దాచుకొన్న కుట్టుపనివారు ఆ మిల్లు పేరు చెప్పి ప్యాంట్లు అమ్ముకొన్నారు.

అమెరికా వదిలిన బేరాన్ని జపాను అందుకొన్నది. ఒకాయామా ప్రాంతంలో కురాషికి నగరానికి చెందిన కొజిమా, స్కూలు యూనిఫారాలు కుట్టే ఊరు. అక్కడ 1965లో దిగుమతి బట్టతో జీన్సు కుట్టడం మొదలైంది. కురాబో మిల్లు 1973లో స్వదేశీ డెనిమ్ తీసింది. హిరోషిమా వైపున ఉన్న కైహారా కంపెనీ 1893లో కసూరి నేతతో ప్రారంభమైనది. కసూరి అంటే మన పోచంపల్లి, పుట్టపాక చిటికి పని వంటిదే: నూలును ముందుగా కట్టి, రంగులో ముంచి, తరువాత నేయడం. నీలిమందు తొట్టె దగ్గర తరాలుగా పనిచేసిన ఆ చేతులే 1970లో జీన్సు నూలుకు తాడు అద్దకపు యంత్రం పెట్టాయి.

ఈ తాడు అద్దకమే అసలు విలువ. పడుగు పోగులను తాళ్ళుగా పేని, నీలిలో ముంచి, గాలికి ఎత్తి, మళ్ళీ ముంచుతారు. రంగు పోగు పైపొరకు పట్టి నడుమ తెల్లగా ఉండిపోతుంది. తొడిగినకొద్దీ పైపొర అరిగి మోకాలి వెనుక, జేబు అంచున, పర్సు పెట్టే చోట తెలుపు బయటపడుతుంది. ఎవరి ప్యాంటు వారి ఒంటికి తగినట్లు వెలుస్తుంది. రంగు వెలిస్తే వాపసు తెచ్చే బజారులో, వెలవడం కోసమే ఎక్కువ డబ్బు ఇచ్చే ఖాతాదారు ఉన్నాడంటే పెద్ద వ్యాపారులు కొందరు నవ్వుతారు. కాని ఉన్నాడు. కొజిమాలో మంచి ప్యాంటు 20 వేల యెన్‌ల పైమాటే. అక్కడి మొమొటారోవారు చేతిమగ్గంమీద నేసిన బట్టతో కుట్టి సుమారు 2 లక్షల యెన్‌లకు కూడా అమ్మకానికి పెట్టారు.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి. మొదట అంచు. పేక పోగు మళ్ళి వెనక్కు వచ్చిందా, లేక తెగిన కొసలను లోపలికి దోపారా అన్నది భూతద్దంలో తేలుతుంది. కొత్తరకం మగ్గాలమీద కూడా అంచును పోలిన అంచు తీయవచ్చు. హైదరాబాదులో ఒక దుకాణంలో ఈ విలేఖరి కొన్న ప్యాంటుకు ఉన్నది అంచే కాదు, ఎర్ర దారం గల టేపు కుట్టినది! బిల్లుమీద మాత్రం సెల్వెజ్ అనే ఉన్నది.

తరువాత నూలు. నమూనా ముక్క నుంచి పడుగు పోగు ఒకటి లాగి పురి విప్పండి. లోపల తెలుపు కనిపించాలి. లోపలిదాకా నీలమైతే ఆ బట్ట అందంగా వెలవదు. రింగ్ స్పిన్ నూలా, ఓపెన్ ఎండ్ నూలా అని మిల్లును లిఖితపూర్వకంగా అడగండి. రింగ్ నూలు చేతికి మెత్తగా తగులుతుంది, గట్టిదనం ఎక్కువ, ధర కూడా ఎక్కువ. ఓపెన్ ఎండ్ నూలుతో నాడె మగ్గంమీద నేసిన సరకు కూడా సెల్వెజే అవుతుంది. పేరు అబద్ధం కాదు, ధర మాత్రం అబద్ధం.

బరువు చదరపు గజానికి ఔన్సులలో చెబుతారు. 14 ఔన్సులంటే చదరపు మీటరుకు సుమారు 475 గ్రాములు. మన ఎండలకు 12 ఔన్సులు దాటితే తొడగడం కష్టమే. 21 ఔన్సులున్నదని గొప్ప చెప్పే సరకు కోస్తా ఊళ్ళలో అలమారాలోనే ఉండిపోతుంది. బరువు నాణ్యత కాదు.

అన్నిటికంటె తగాదాలు తెచ్చేది కుంచించుకుపోవడం. శాన్‌ఫరైజ్ చేసిన బట్ట తొలి ఉతుకులో ఒకటి నుంచి మూడు శాతం లాగుతుంది. మగ్గం నుంచి దిగినది దిగినట్లే కుట్టిన కోరా సరకు 7 నుంచి 10 శాతం దాకా లాగుతుంది. కాలు లోపలి పొడవు 34 అంగుళాలున్న ప్యాంటుకు మూడు అంగుళాలు పోవచ్చునన్నమాట. ఏ రకమో చీటీమీద రాయించి, కోరా అయితే నీళ్ళలో నానబెట్టి ఆరిన తరువాతే పొడవు కత్తిరించవలెనని ఖాతాదారుకు చెప్పాలి. తడిపిన తెల్ల చేతిరుమాలు రుద్దితే నీలం అంటడం దోషం కాదు. కాని తెల్ల సోఫామీద కూర్చోవద్దని ముందే చెప్పకపోతే ఆ సోఫా ఖర్చు మాట మన కొట్టుకే వస్తుంది.

తాను కొనే కుట్టుపనివారికి మరొక లెక్క. చిన్న పన్నా ధర గజానికి చూసి మోసపోతారు. వెడల్పు పన్నాలో ఒక ప్యాంటుకు గజమున్నర చాలితే, చిన్న పన్నాలో సుమారు మూడు గజాలు పడుతుంది. ఉదాహరణకు వెడల్పుది గజం 200 రూపాయలు, చిన్నది 300 అనుకొందాము. తేడా నూరే అనిపిస్తుంది. ప్యాంటుకు వేస్తే మొదటిది 300, రెండవది 900.

జపాను నుంచే తెప్పించుకోవాలన్న నియమమూ లేదు. అహమ్మదాబాదు అరవింద్ మిల్లు సెల్వెజ్ డెనిమ్ తీసింది. ఖాదీ డెనిమ్ కూడా చేసింది. సహజ నీలి అని చెప్పే సరకును మాత్రం నిలదీయాలి. 1897లో జర్మనీ బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చిన తరువాత కడప నీలిమందు ఎగుమతి వైభవం కరిగిపోయింది. ఇప్పటి డెనిమ్ దాదాపు అంతా కృత్రిమ నీలిదే. అది లోపమూ కాదు.

పన్ను విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి దుస్తులపై జీఎస్‌టీ ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు 5 శాతం, అంతకు మించితే 18 శాతం అయింది. నికరమైన సెల్వెజ్ ప్యాంట్లు చాలావరకు పై తరగతిలోనే పడతాయి. 2,499 చీటీతో వచ్చే సెల్వెజ్ సరకును నూలు విప్పి చూడకుండా గోదాములోకి దించుకోవడం మంచిది కాదు.

నిలవకు ఈ సరకు కొంత నయం. ఉతుకు ఫ్యాషను మారితే పాతబడే బెడద దీనికి లేదు. అయితే అద్దాల బీరువాలో ఎండ తగిలే చోట మడిచి పెడితే మడతల వెంట గీతలుగా వెలుస్తుంది. అటువంటి ప్యాంటును తగ్గింపు ధరకు తప్ప ఎవరూ అడగరు. వెలుతురు తగలకుండా, కాగితం చుట్టి, మడతలు మార్చుతూ ఉంచాలి.