మూలకణాల పెంపకం - నాడీకణ రక్షణ: ప్రయోగశాల పరిస్థితుల ప్రభావం

కీలకపదాలు: మూలకణాలు, కణవర్ధనం, నాడీకణాలు, ఆక్సిజన్, కణస్రావాలు.

ఎముక మజ్జ నుంచి సేకరించిన మీసెంకైమల్ మూలకణాలు దెబ్బతిన్న మెదడులోకి చేరి కొత్త నాడీకణాలుగా మారతాయన్నది తొలినాళ్ళ ఆశ. అది చాలావరకు నెరవేరలేదు. శరీరంలోకి ఎక్కించిన కణాలలో అధికభాగం కొద్దిరోజులలోనే నశిస్తాయి. అయినప్పటికీ జంతు ప్రయోగాలలో మేలు కనిపించడానికి వాటి స్రావాలే ప్రధాన కారణమని నేడు ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. నాడీకణాలను బతికించే బి.డి.ఎన్.ఎఫ్., జి.డి.ఎన్.ఎఫ్. వంటి ప్రోటీన్లు, వాపును అణచే సంకేతాలు, ఎక్సోసోములనే సూక్ష్మకోశాలు ఈ స్రావాలలో ఉంటాయి. 1991లో ఈ కణాలకు ప్రస్తుత నామాన్ని స్థిరపరచిన ఆర్నాల్డ్ కాప్లాన్ స్వయంగా 2017లో ఆ పేరు మార్చాలని, ‘ఔషధ సంకేత కణాలు’ అనే అర్థం వచ్చేలా పిలవాలని కోరడం గమనార్హం.

కణం విలువ దాని స్రావంలో ఉన్నప్పుడు, ఆ స్రావాన్ని నిర్ణయించేది ఏది? దాత వయస్సు, సేకరించిన కణజాలం కొంతవరకు కారణాలు. పెంచిన తీరు కూడా అంతే ముఖ్యం. ‘కణవర్ధనం’ అన్న తెలుగు మాట సంఖ్య పెరగడాన్నే సూచిస్తుంది గాని, అక్కడ కణస్వభావం సైతం మారుతుంది.

ఆక్సిజన్ ఇందుకు చక్కని ఉదాహరణ. పెంపకపు పెట్టెలలో సాధారణంగా ఉండేది గాలిలోని 21 శాతానికి దగ్గరైన ఆక్సిజన్. ఎముక మజ్జలో అది సుమారు 1 నుంచి 7 శాతం మాత్రమే. ప్రయోగశాల ‘సాధారణం’ అని పిలిచే స్థితి కణానికి అసాధారణమన్నమాట. ఆక్సిజన్ తగ్గినప్పుడు హెచ్.ఐ.ఎఫ్.-1 ఆల్ఫా అనే ప్రోటీన్ విచ్ఛిన్నం కాకుండా నిలిచి, రక్తనాళాల పెరుగుదలకు, కణరక్షణకు తోడ్పడే జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ ఆక్సిజన్ గ్రాహక విధానాన్ని వివరించినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. తక్కువ ఆక్సిజన్‌లో పెంచిన కణాల స్రావాలు నాడీకణాలను మెరుగ్గా కాపాడినట్లు పలు ప్రయోగాలు చూపాయి. అయితే కొరత తీవ్రమై దీర్ఘకాలం సాగితే మూలకణమే మరణిస్తుంది.

కణం అంటుకొనే తలం కూడా తటస్థమైనది కాదు. మెదడు కణజాలంతో పోలిస్తే ప్లాస్టిక్ పాత్ర లక్షల రెట్లు గట్టిది. మెత్తని జెల్ మీద ఇవే కణాలు నాడీకణ లక్షణాల వైపు, గట్టి జెల్ మీద ఎముక కణ లక్షణాల వైపు మొగ్గుతాయని 2006లో ఎంగ్లర్, డిషర్ బృందం నిరూపించింది. ఉండలుగా పెంచినప్పుడు వాపును తగ్గించే టి.ఎస్.జి.-6 ప్రోటీన్ అధికమవుతుంది. ఇక పశుపిండ సీరం గుణం సరుకు సరుకుకూ మారుతుంది. పదేపదే విభజించి ముసలివైన కణాలు వాపును పెంచే పదార్థాలను విడుదల చేస్తాయి. కాపాడవలసిన కణమే హానికారకం కావచ్చు.

పాత్రలో సాధించిన మెరుగుదల రోగిలో నిలుస్తుందన్న హామీ లేదు. ఏ.ఎల్.ఎస్. రోగుల సొంత మజ్జకణాలను నాడీపోషక ప్రోటీన్లు అధికంగా స్రవించేలా ప్రత్యేక మాధ్యమంలో సిద్ధపరచిన నూర్‌ఓన్ చికిత్స, మూడవ దశ పరీక్షలో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. చికిత్స పొందినవారిలో సుమారు 33 శాతం, ఉత్తుత్తి మందు పొందినవారిలో 28 శాతం స్పందించారు.

వేర్వేరు ప్రయోగశాలల ఫలితాలను పోల్చడమూ కష్టమే. 2006లో అంతర్జాతీయ కణచికిత్సా సంఘం ఈ కణాల గుర్తింపునకు మూడు కనీస ప్రమాణాలు నిర్దేశించింది: ప్లాస్టిక్‌కు అంటుకోవడం, నిర్దిష్ట ఉపరితల గుర్తులు ఉండటం, ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలగడం. నాడీకణాన్ని కాపాడగలదా అన్న పరీక్ష వాటిలో లేదు.