పాతిక అక్షరాల తాళంచెవి

మా బావమరిదికి తెనాలిలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు, పరీక్షల దరఖాస్తులు, జిరాక్సు. మొన్నొక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"బావా, విండోస్ కీ కనపడట్లేదు. బీరువా మొత్తం తిరగేశాం. దొరకలా."

"ఏ సిస్టమ్‌ది?"

"రెండిట్దీ."

ఒకటి మూడేళ్ల కిందట కొన్న లాప్‌టాప్. హార్డ్‌డిస్కు పోతే మెకానిక్ కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, విండోస్ ఎక్కించి ఇచ్చాడు. అప్పట్నుంచీ తెర మీద కుడివైపు కింద ‘యాక్టివేట్ విండోస్’ అని బూడిదరంగు అక్షరాలు తేలుతున్నాయి. రెండోది విడిభాగాలు కొని చేయించుకున్న డెస్క్‌టాప్. దాని మీద ఏ అక్షరాలూ లేవు గానీ, రేపు దీనికీ ఇదే గతి పడితే ఎలాగని దాని కీ కూడా ముందే వెతికిపెట్టుకుందామని అతని ఆలోచన. "కీ ఉంటే ఇవ్వండి, లేకపోతే నేనే ఏదో ఒకటి వేసేస్తా" అన్నాట్ట మెకానిక్. ఆ ‘ఏదో ఒకటి’కి భయపడి నాకు ఫోన్.

లాప్‌టాప్ తిరగేసి చూడమన్నాను. విండోస్ బొమ్మతో చిన్న స్టిక్కరుంది, నంబరు మాత్రం లేదన్నాడు. ఉండదు. పోయిందనుకుంటున్న కీ ఆ యంత్రం కడుపులోనే ఉంది. అది అక్కడికెలా చేరిందో చెప్పాలంటే యాభై ఏళ్లు వెనక్కి నడవాలి.

1976 ఫిబ్రవరి 3న ఇరవయ్యేళ్ల బిల్ గేట్స్ కంప్యూటర్ పిచ్చివాళ్లనుద్దేశించి ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ అనే తొలితరం చిన్న కంప్యూటరు కోసం తానూ, మిత్రులూ కలిసి రాసిన బేసిక్ ప్రోగ్రాము అప్పట్లో కాగితం టేపు మీద చిల్లుల రూపంలో ఉండేది. ఒకడు కొన్న టేపుకి పదిమంది నకళ్లు తీసుకునేవాళ్లు. ఆల్టెయిర్ ఉన్నవాళ్లలో బేసిక్‌ని డబ్బిచ్చి కొన్నవాళ్లు పదిశాతం కూడా లేరనీ, లెక్కేస్తే తమ శ్రమకు గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదనీ అతని గోడు. ఆ గోడులో న్యాయం ఎంతన్నది పక్కన పెడదాం. సాఫ్ట్‌వేర్‌కున్న పుట్టు లక్షణం మాత్రం అక్కడే బయటపడింది. పుస్తకానికి జిరాక్సు తీస్తే అచ్చు మసకబారుతుంది, ఖర్చూ అవుతుంది. ప్రోగ్రాము నకలుకీ అసలుకీ తేడా ఉండదు, ఖర్చు దాదాపు సున్నా.

సరుకుని దాచలేనప్పుడు దాంతోపాటు ఇచ్చే మరో వస్తువుని అడగడం మొదలైంది. 1990ల్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లో సారు బయటికెళ్లగానే ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మొదటి అంచె దాటగానే ఒక గదినిండా అక్షరాలు రాసిన సీసాలు. ఆటతోపాటు వచ్చే పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా మాట మొదటి అక్షరం ఏదో ఆ సీసాలోది తాగాలి. తప్పు తాగితే రాకుమారుడు చచ్చేవాడు. మా దగ్గర ఆట ఉండేది, పుస్తకం ఉండేది కాదు. అదొక రక్షణ పద్ధతని మాకు తెలీదు. రాకుమారుడి ఖర్మ అనుకునేవాళ్లం.

పుస్తకం స్థానంలోకి నంబరు వచ్చింది. 1995 ఆగస్టులో విడుదలైన విండోస్ 95 డబ్బా మీద పది అంకెల సంఖ్య ఉండేది: ముందు మూడు, గీత, తర్వాత ఏడు. దాని వెనకున్న లెక్క ఎంత చిన్నదంటే, ఆ చివరి ఏడంకెలు కూడితే వచ్చే మొత్తం ఏడుతో నిశ్శేషంగా భాగింపబడాలి. ముందు మూడంకెల్లో 333, 444 లాంటి కొన్ని మాత్రం పనికిరావు. అంటే అన్నీ ఒకట్లు కొట్టినా విండోస్ 95 కిక్కురుమనకుండా ఎక్కేది. ఏడు ఒకట్లు ఏడే కదా.

నవ్వుకునే ముందు ఒకమాట. కూడి భాగించే ఇలాంటి తనిఖీలు దొంగని పట్టడానికి పుట్టినవి కావు, పొరపాటుని పట్టడానికి పుట్టినవి. మన ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె అలాంటిదే. 1969లో యాకోబస్ వెర్హూఫ్ అనే డచ్చి గణితవేత్త కట్టిన సూత్రం ప్రకారం ముందున్న పదకొండు అంకెల నుంచి అది పుడుతుంది. రాసేటప్పుడు ఒక అంకె తప్పినా, పక్కపక్క రెండు అంకెలు తారుమారైనా అక్కడే దొరికిపోతుంది. కాపలావాణ్ణి పెట్టాల్సిన చోట గుమస్తాని పెట్టడమే విండోస్ 95 చేసిన పని.

విండోస్ 98తో నేటి రూపం వచ్చింది: అయిదేసి చొప్పున అయిదు గుంపులు, మొత్తం పాతిక అక్షరాలు. ఈ పాతికనీ కూర్చిన ‘వర్ణమాల’ నాకు భలే ఇష్టం. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు కలిపి 36 ఉంటే వాడుకున్నవి 24. అచ్చులు ఒక్కటీ లేవు కాబట్టి యాదృచ్ఛికంగా బూతుమాట ఏర్పడే ప్రమాదం తక్కువ. సున్నా లేదు, ‘ఓ’ లేదు. ఒకటి లేదు, ‘ఐ’ లేదు, ‘ఎల్’ లేదు. అయిదూ లేదు, దాన్ని పోలిన ‘ఎస్’ కూడా లేదు. ఇంత జాగ్రత్తపడ్డవాళ్లు ‘బి’నీ, 8నీ మాత్రం పక్కపక్కనే ఉంచేశారు. అరిగిపోయిన స్టిక్కరు మీద ఆ రెండిట్లో ఏదో తేల్చుకోలేక భూతద్దం పట్టుకున్నవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది.

ఒక్కో స్థానంలో 24 అవకాశాలు, అలాంటి స్థానాలు 25. హెచ్చవేస్తే మూడు పక్కన 34 సున్నాలు పెట్టినంత సంఖ్య. నిజానికి ఆ పాతిక అక్షరాలూ కలిసి ఒకే ఒక్క పెద్ద సంఖ్య. గంటల్ని 24తో భాగించి రోజులు తీసినట్టు, ఆ సంఖ్యని 24తో భాగిస్తూ శేషాలు రాసుకుంటూ పోతే అక్షరాలొస్తాయి. విండోస్ ఎక్స్‌పీ కాలానికి ఆ సంఖ్యలో కొంత భాగం వరుస నంబరు, పెద్ద భాగం సంతకం అయ్యాయి. కలంతో పెట్టే సంతకం కాదు, దీర్ఘవృత్తాకార వక్రాల గణితంతో వేసే డిజిటల్ సంతకం. దాన్ని సరిచూడ్డం ఎవరి కంప్యూటర్‌కైనా చేతనవుతుంది. కొత్తది వేయడానికి రహస్య సంఖ్య కావాలి, అది మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉంటుంది.

అయినా దెబ్బతింది. 2001 అక్టోబరు 25న ఎక్స్‌పీ విడుదల. అంతకు కొన్ని వారాల ముందే పెద్ద సంస్థల కోసం కేటాయించిన ఒక కీ బయటికి పొక్కి ప్రపంచమంతా తిరిగింది. ఎఫ్‌సీకేజీడబ్ల్యూ అని మొదలయ్యే ఆ కీ సీడీ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉండటం నేనే చూశాను. కొందరికి కంఠతా వచ్చేది. సంతకం నకిలీ కాదు, కీ అక్షరాలా అసలుదే. ఒకటే అసలు లక్ష చోట్ల ఉంది, అంతే. సంతకం దొంగ కీని పట్టగలదు గానీ, దొంగిలించిన కీని పట్టలేదు.

ఇలా ఒకే కీ పలుచోట్ల తిరగకుండా ఎక్స్‌పీలోనే మామూలు కొనుగోలుదార్లకి యాక్టివేషన్ పెట్టారు. ప్రాసెసరు, హార్డ్‌డిస్కు, నెట్‌వర్కు కార్డు, మెమరీ లాంటి పది అంశాల నుంచి ఒక ముద్ర తయారుచేసి, కీతో కలిపి మైక్రోసాఫ్ట్‌కి పంపాలి. గడువు 30 రోజులు. ఇంటర్నెట్ లేనివాళ్లు ఫోన్‌లో 50 అంకెలు చదివి వినిపిస్తే, అవతల నుంచి 42 అంకెలు చెప్పేవాళ్లు. ఒక్కటి తప్పు విన్నా మళ్లీ మొదటికి. కంపెనీ మన ఇంట్లోకి తొంగిచూస్తోందని గోల పుట్టింది. కొన్ని భాగాలు మారినా పట్టించుకోదు, ఎక్కువ మారితే కొత్త యంత్రం అనుకుంటుంది.

ఇక్కడితో కీ బతుకు మారిపోయింది. అంతదాకా అది తలుపు తీసేది. ఇకమీదట పెద్ద దస్తరంలో ఒక వరుసని వెతికి చూపించేది. మనకి బాగా తెలిసిన మాటల్లో అయితే సర్వే నంబరు. సర్వే నంబరు తెలిసినవాడల్లా పట్టాదారు కాడు.

కీ కాపురం కూడా మారుతూ వచ్చింది. విండోస్ 7 రోజుల్లో లాప్‌టాప్ అడుగున స్టిక్కరు ఉండేది. చెమటకీ, ఒడిలో రాపిడికీ ఏడాదిలో తెల్లబడేది. తమాషా ఏమిటంటే పెద్ద కంపెనీల యంత్రాల్లో ఆ స్టిక్కరు కీ వాడేవాళ్లే కాదు. ఫ్యాక్టరీలో ఆ తయారీదారు యంత్రాలన్నిటికీ కలిపి ఒకే ఉమ్మడి కీ వేసేవాళ్లు. పోయిన కీ వెతికిపెట్టే ప్రోగ్రాములు ఈ ఉమ్మడి కీనే పైకి తీసి చూపిస్తే, అదే తమదనుకుని కొత్త డిస్కు మీద కొట్టి భంగపడ్డవాళ్లు చాలామంది. 2012లో విండోస్ 8తో స్టిక్కరు నుంచి నంబరు మాయమై, మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లో ఎంఎస్‌డీఎం అనే పట్టికలోకి వెళ్లింది. ఒక్కో బోర్డుకి ఒక్కో కీ. హార్డ్‌డిస్కు కాలిపోయినా దానికేం కాదు.

మా బావమరిది చేత పవర్‌షెల్ తెరిపించి, ఒక్క వరుస ఆదేశం వాట్సాప్‌లో పంపాను. పాతిక అక్షరాలూ తెర మీద పడ్డాయి. "అంతేనా!" అన్నాడు. అంతే. కానీ ఆ కీ కొట్టినా తీసుకోలేదు. కారణం మెకానిక్. అతను పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది ప్రో రకం. బోర్డులో ఉన్నది హోమ్ కీ. రకం మారితే సంతకం ఎంత అసలుదైనా చెల్లదు. హోమ్ ఎక్కించిన మరుక్షణం ఎవరూ ఏ కీ కొట్టకుండానే బూడిదరంగు అక్షరాలు పోయాయి.

డెస్క్‌టాప్ కథ వేరు. విండోస్ తనకిచ్చిన కీని రిజిస్ట్రీ అనే అమరికల పట్టికలో 15 బైట్ల సంఖ్యగా దాచుకుంటుంది. దాన్ని 24తో భాగిస్తూ వెనక్కి నడిస్తే అక్షరాలొస్తాయి. ప్రొడ్యూకీ లాంటి ఉచిత పనిముట్లు చేసేది ఇదే; కీలు తవ్వుతున్నాయని యాంటీవైరస్‌లు వాటిమీద అరుస్తాయి కూడా. ఎంఎస్ ఆఫీస్ 2013 నుంచి మాత్రం యంత్రంలో చివరి అయిదు అక్షరాలే మిగులుస్తోంది, తవ్వినా లాభం లేదు. విండోస్ 10లో డిజిటల్ లైసెన్సు వచ్చాక ఇంకో విచిత్రం: అసలు హక్కు మైక్రోసాఫ్ట్ సర్వర్లో ఆ యంత్రం ముద్ర పక్కన ఉంటుంది, రిజిస్ట్రీలో దొరికేది అందరికీ ఒకటే అయిన ఉత్తుత్తి కీ. ప్రో అయితే దాని చివర 3వీ66టీ. అది కనిపిస్తే రాసుకోనక్కర్లేదు, మైక్రోసాఫ్ట్ ఖాతాకి యంత్రాన్ని జతచేసుకుంటే చాలు.

మావాడి డెస్క్‌టాప్‌లో చివర ఉన్నది టీ83జీఎక్స్. చూడగానే తెలిసింది. అది పెద్ద సంస్థల కోసం మైక్రోసాఫ్టే తన సైట్లో బాహాటంగా పెట్టిన కీ. అది వేసిన యంత్రం సంస్థ సొంత సర్వర్‌ని వెతుక్కుంటుంది. కనీసం 25 కంప్యూటర్లుంటేనే ఆ సర్వరు పలుకుతుంది, ఒకసారి పలికితే 180 రోజులు చెల్లుతుంది. రెండు కంప్యూటర్ల షాపులో అలాంటి సర్వరు ఎక్కడిది? మెకానిక్ లోపలే ఒక దొంగ సర్వర్ని కూర్చోబెట్టి ఉంటాడు.

"పోనీ లాప్‌టాప్ కీ దీంట్లో వేసేస్తే?"

ఇక్కడ లెక్క అయిపోయి లైసెన్సు మొదలవుతుంది. మనం కొంటున్నది పొలం కాదు, కౌలు. యంత్రంతోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ మదర్‌బోర్డుకే అంటిపెట్టుకుని దాంతోనే పోతుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సుని ఒక యంత్రంలో తీసేసి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు. ఒకేసారి రెండింట్లో కుదరదు. సంస్థల లైసెన్సుని ముక్కలుచేసి అమ్మకూడదు. ఇంటర్నెట్లో మూడొందలకు దొరికే కీల్లో ఇలా చీల్చి అమ్మినవీ ఉంటాయి. బోర్డుతోపాటు లైసెన్సు సమాధి కావడం నాకు సబబుగా తోచదు. పది లాప్‌టాప్‌లు మార్చినవాడు పది విండోస్‌లకి డబ్బు కట్టినట్టే.

కౌలా, కొనుగోలా అన్న తగువు కోర్టులకీ ఎక్కింది, అందులో ఒకటి మనదే. సాఫ్ట్‌వేర్ డబ్బా అమ్మితే ఆంధ్రప్రదేశ్ 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను వేయవచ్చా అని టాటా కన్సల్టెన్సీ రాష్ట్రంతో తలపడింది. మేధస్సుకి పన్నేమిటని వాళ్ల వాదన. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, డిస్కు మీదికెక్కి అంగట్లోకొచ్చిన సాఫ్ట్‌వేర్ సరుకేనని తేల్చింది. అలాగని కొన్నవాడికి కాపీరైటు రాదు. కాపీరైటు ఉన్న వస్తువు మాత్రమే వస్తుందని 2021 మార్చి 2న మరో తీర్పు. ఐరోపా కోర్టు 2012లో ఇంకాస్త ముందుకెళ్లి, తన నకలు పనికిరాకుండా చేసుకున్నవాడు లైసెన్సుని తిరిగి అమ్ముకోవచ్చంది. మన కాపీరైటు చట్టంలో 1984 నుంచి కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య రచనే, నవలల సరసన. న్యాయంగా కొన్నవాడు పోతుందేమోనని ఒక నకలు దాచుకోవచ్చు. దొంగ నకలని తెలిసి వాడితే 63బి సెక్షను కింద వారం నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా రాసి ఉన్నాయి.

డెస్క్‌టాప్ బిల్లు వెతికి ఫొటో పంపాడు. కింద ‘సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్: 500’ అని ఉంది, అంతే.

"అయితే పోలేదన్నమాట. అసలు లేదన్నమాట" అన్నాడు కాసేపాగి.

వారం తర్వాత రిటైల్ డబ్బా కొన్నాడు. ఈసారి పోకుండా పాతిక అక్షరాలూ ఖాతా పుస్తకం మొదటి పేజీలో, ‘శ్రీరామ’ కింద రాసుకున్నానని ఫొటో పెట్టాడు. పెళ్లికార్డులు దిద్దేవాడి చేతిరాత, ముత్యాల్లాంటిదే. మూడో గుంపు దగ్గర నా కళ్లు ఆగాయి. వెంటనే ఫోన్ చేశాను.

"అది 8 రాశావా, బి రాశావా?"

"ఉండు బావా, డబ్బా చూసి చెప్తా."