గుంతలో నీరు కనిపిస్తే సరిపోదు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఏదో పల్లపు జాగాలో సెప్టెంబరు మొదట్లో జానెడు లోతు తవ్వితే నీరు ఊరిందనుకుందాం. అది చిత్తడి నేలేనా? చూసిన నీరు నేల గుణమా, ఈ ఏటి వానల చలవా అన్నది తేలకుండా జవాబు చెప్పకూడదు.

మన వాతావరణ శాఖ లెక్కలో ఖరగ్‌పూర్ గాంగేయ పశ్చిమ బెంగాల్ విభాగంలోకి వస్తుంది. సగటుకు 19 శాతం అటూ ఇటూగా కురిస్తే సాధారణ వర్షపాతం అంటారు. రుతుపవనాల తీరు తెలుసుకోవడానికి ఇది మంచి కొలతే కానీ, ఒక గుంతలోని నీటిమట్టాన్ని అర్థం చేసుకోవడానికి చాలదు. నవంబరునే చూడండి. మామూలుగా పెద్దగా వాన ఉండని నెల. బంగాళాఖాతంలో ఎప్పుడో పుట్టిన ఒకటి రెండు తుపానులు సగటును పైకి లాగేస్తాయి. అప్పుడు మిగతా ఏళ్లన్నీ లోటు ఏళ్లుగానే కనిపిస్తాయి.

అమెరికాలో చిత్తడి నేలలను పరిశీలించేవారు ఇందుకు వేరే దారి పట్టారు. 30 ఏళ్ల ఆగస్టు వానలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చితే, కింది 9 పొడివి, పై 9 తడివి, నడుమ 12 సాధారణమైనవి. పొడి నెలకు 1, సాధారణ నెలకు 2, తడి నెలకు 3 మార్కులు. పరిశీలనకు ముందరి మూడు నెలలకూ ఇలా మార్కులు వేసి, దగ్గరి నెలను 3తో, దాని ముందుదాన్ని 2తో, ఆ ముందుదాన్ని 1తో గుణిస్తారు. ఆగస్టు, జులై తడిగా, జూన్ సాధారణంగా గడిచాయంటే 9, 6, 2 కలిపి 17. మొత్తం 10 నుంచి 14 దాకా ఉంటే సాధారణం. 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తడి కాలం. కాబట్టి మన గుంతలో ఊరిన నీరు ఒక్కటే సాక్ష్యంగా నిలబడదు.

పోనీ, మట్టి రంగు చెబుతుందా? నీరు నిలిచి గాలి ఆడని నేలలో సూక్ష్మజీవుల వల్ల ఇనుము కరిగి మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. నీరు దిగి గాలి తగిలాక వేళ్ల దారుల వెంట తుప్పు మచ్చలు పడతాయి. చాలాచోట్ల ఇది నమ్మదగిన గుర్తు. ఖరగ్‌పూర్‌ది మాత్రం లేటరైట్ నేల. అందులోని ఎరుపు, తెలుపు మచ్చలు ఎంతో పాతకాలపువి కావచ్చు. ఇక్కడ రంగును చూసి తొందరపడకూడదు.

కొల్లేరు సరస్సు దగ్గర ఏది చిత్తడి నేల అన్న ఈ ప్రశ్న మనుషుల బతుకుతెరువునే తాకుతుంది. 1999లో అభయారణ్యానికి +5 అడుగుల కాంటూరును హద్దుగా పెట్టారు. ఆ గీత కదలదు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీరు మాత్రం ఏటికేడు మారుతుంది.

కేంద్ర భూగర్భజల మండలి పరిశీలక బావులను సాధారణంగా ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. మీ పెరటి బావిని మీరు కొలిచినా, తేదీ పక్కన గడిచిన మూడు నెలల వానను కూడా రాసిపెట్టండి. ఒక్క ఎండు ఏడాది చూసి పల్లపు నేలను ఇళ్ల స్థలాలుగా అమ్మేవాళ్ల దగ్గర ముందుగా ఆ లెక్క అడగండి.