విమానక్రీడకు కంప్యూటరులో మెమొరీ ఎంత కావలెను?

మధురపూడి విమానాశ్రయము రాజమహేంద్రవరమునకు ఉత్తరమున ఉన్నది. అచ్చటి రన్‌వే పొడవు 3165 మీటర్లు. దానిమీదనుండి లేచిన చిన్న విమానము నైరృతి దిశగా గన్నవరమునకు బయలుదేరినచో కొద్ది నిమిషములలోనే గోదావరిని దాటును. ఎడమవైపున రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమనున్న వంతెనలు కనిపించును. పిమ్మట అదే ప్రక్కను డెల్టాలోని వరిచేలు, కాలువలు; ఇంకను ముందుకు పోగా ఏలూరు, దానికి దక్షిణమున కొల్లేరు. మొత్తము దూరము సుమారు 125 కిలోమీటర్లు.

ఈ ప్రయాణమును నేడు ఇంటిలో కుర్చీమీద కూర్చుండియే చేయవచ్చును. ఇందుకు తోడ్పడు కంప్యూటరు కార్యక్రమమునకు ఫ్లైట్ సిమ్యులేటర్ అని పేరు. ఇది కొందరికి వినోదము. పైలటు కావలెనని కోరుకొను విద్యార్థికి విమానములోని మీటలను, ముళ్లను, దిగునప్పటి క్రమమును ముందుగా పరిచయము చేసికొను సాధనము. కాని దీనికి తగిన కంప్యూటరును కొనబోయినప్పుడు మొదట ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. మెమొరీ 16 గిగాబైట్లు చాలునా, 32 కావలెనా, లేక 64 ఉండవలెనా? “ఎంత ఎక్కువైన అంత మంచిది” అని అంగడివారు చెప్పుదురు. 2025 చివరి నెలలలో మెమొరీ పలకల ధరలు బాగుగా పెరిగినవి. కృత్రిమ మేధకై నడుపు పెద్ద కంప్యూటరు కేంద్రములు వీటిని విరివిగా కొనుటయే అందుకు ముఖ్యకారణము. కావున మధ్యతరగతి కుటుంబమునకు ఈ ప్రశ్న చిన్నది కాదు.

కుప్ప, కళ్లము

మెమొరీ చేయు పనిని కుప్పనూర్పుతో పోల్చి తెలిసికొనవచ్చును. కోసిన వరిపనలు కుప్పగా వేయబడి ఉండును. కూలీలు కుప్పనుండి కొన్ని పనలను కళ్లములో పరచి నూర్తురు. కంప్యూటరులో కుప్పవంటిది డిస్కు. సమాచారమంతయు అందు శాశ్వతముగా నిలువ ఉండును. కళ్లమువంటిది మెమొరీ, ఆ క్షణమున పనికి కావలసినది మాత్రమే అందుండును. నూర్చు కూలీల స్థానమున ప్రాసెసరు ఉన్నది.

కళ్లము ఇరుకైనచో నూర్పు ముగియని పనలనే మరల కుప్పమీదికి చేర్చి, వేరొక పనలను దింపవలసి వచ్చును. ఈ రాకపోకలలో కూలీలు ఊరక నిలుచుందురు. కళ్లము తగినంత ఉన్నప్పుడు పని సాఫీగా సాగును. అంతమాత్రమున పది ఎకరముల కళ్లము చేసినచో నూర్పు పదిరెట్లు వేగముగా సాగునా? సాగదు. కూలీలు అంతమందియే గదా! మెమొరీ విషయములో తెలియవలసిన ముఖ్యాంశము ఇదియే. కావలసినదానికంటె తక్కువైనచో నష్టము చాల ఎక్కువ. కావలసినదానికంటె ఎక్కువైనచో లాభము చాల తక్కువ.

తక్కువైనచో అంత నష్టమేల?

మెమొరీలోని ఒక అంశమును అందుకొనుటకు ప్రాసెసరునకు పట్టు కాలము సుమారు సెకనులో కోటవ వంతు. ఎస్.ఎస్.డి. అను చిప్పుల డిస్కునుండి తెచ్చుటకు సుమారు పదివేలవ వంతు, తిరుగు పళ్లెములు గల పాత హార్డుడిస్కునుండి తెచ్చుటకు సుమారు నూరవ వంతు పట్టును. ఈ భేదమును ఇట్లు ఊహింపుడు. మెమొరీనుండి తెచ్చుటకు ఒక నిమిషము పట్టునని అనుకొన్నచో, ఎస్.ఎస్.డి.నుండి తెచ్చుటకు దాదాపు పదునేడు గంటలు, హార్డుడిస్కునుండి తెచ్చుటకు దాదాపు డెబ్బది దినములు పట్టును!

తెరమీద కదలిక సాఫీగా కనిపించుటకు సెకనునకు కనీసము 30 చిత్రములు గీయబడవలెను. అనగా ఒక్కొక్క చిత్రమునకు 33 మిల్లీసెకన్ల గడువు మాత్రమే కలదు. హార్డుడిస్కును ఒక్కసారి వెదకినను అందులో మూడవవంతు ఖర్చగును. అట్టి వెదకులాటలు పెక్కు కలిసినచో చిత్రము క్షణకాలము నిలిచిపోయి, ఒక్కసారిగా ముందుకు దుముకును. ఆకాశమున ఇది అంతగా బాధింపదు. కాని గంటకు 120 కిలోమీటర్ల వేగమున నేలకు దిగుచున్న విమానము అరసెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. విమానాశ్రయపు కట్టడములు, దీపములు, ఇతర విమానములు అన్నియు ఒక్కసారిగా మెమొరీలోనికి రావలసిన సమయము కూడ అదియే. చేతికి నేర్పు కావలసిన ఘట్టముననే యంత్రము తడబడును.

64 కిలోబైట్లనుండి 64 గిగాబైట్లకు

1982లో వెలువడిన మొదటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరునకు 64 కిలోబైట్ల మెమొరీ సరిపోయెడిది. నేల కొన్ని గీతలు, విమానాశ్రయము మరికొన్ని గీతలు, అంతే. 2024లో వెలువడిన అదే పేరుగల కార్యక్రమమునకు తయారుచేసినవారు ఉత్తమమని సూచించిన మెమొరీ 64 గిగాబైట్లు. అనగా 10,48,576 రెట్లు!

ఈ పెరుగుదలకు కారణము చిత్రముల వివరమే. నాలుగువేల తొంబదియారు చుక్కల పొడవు, అంతే వెడల్పు గల ఒక్క చిత్రమును తీసికొనుడు. చుక్క ఒక్కింటికి 4 బైట్ల చొప్పున అది 64 మెగాబైట్లగును. అట్టివి పదునారు చేరినచో ఒక గిగాబైటు నిండును. ఆచరణలో వీటిని కుదించి వాడుదురు. అయినను విమానపు లోపలిభాగము, రెక్కలు, నేల, చెట్లు, ఇండ్లు, మేఘములు అన్నింటికిని ఇట్టి చిత్రములు అనేకము కావలెను. వీనిలో తెరమీద గీయుటకు సిద్ధపరచినవి గ్రాఫిక్స్ కార్డులోని ప్రత్యేక మెమొరీలో ఉండును. ఆ మెమొరీ వేరు, ఇచ్చట చెప్పు ప్రధాన మెమొరీ వేరు. ఒకటి చాలనప్పుడు రెండవదానిని పెంచినచో కొరత పూర్తిగా తీరదు.

వేగము కూడ గమనింపదగినది. గంటకు 220 కిలోమీటర్ల వేగముతో పోవు చిన్న విమానము క్రింద నిమిషమునకు నాలుగు కిలోమీటర్లకు లోపుగానే నేల మారును. గంటకు 800 కిలోమీటర్లు పోవు జెట్ విమానము క్రింద నిమిషమునకు పదమూడు కిలోమీటర్లు మారును.

తయారీదారుల లెక్కలు

2020నాటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరునకు కనీసము 8, సాధారణముగా 16, ఉత్తమముగా 32 గిగాబైట్లు సూచింపబడినవి. 2024నాటి దానికి ఇవి క్రమముగా 16, 32, 64. ఎక్స్-ప్లేన్ 12 అను మరియొక కార్యక్రమమునకు కనీసము 8, సాధారణముగా 16 నుండి 24. ‘కనీసము’ అనగా కార్యక్రమము తెరుచుకొనునని మాత్రమే అర్థము. హాయిగా నడచునని కాదు. ‘ఉత్తమము’ అనునది వివరములన్నియు హెచ్చుస్థాయిలో పెట్టుకొని, అదనపు విమానములను, విమానాశ్రయములను చేర్చుకొనువారిని ఉద్దేశించినది.

కొనకముందు కొలువవలెను

ఇదివరకే కంప్యూటరు కలవారు ఊహపై ఆధారపడనక్కరలేదు. తాము మామూలుగా నడుపు విమానములలో బరువైనదానిని ఎన్నుకొని, పెద్ద విమానాశ్రయములో దిగవలెను. ఆ సమయమున కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కినచో విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకొనును. అందు మెమొరీ ఎంత వాడుకలో ఉన్నదో చూడవచ్చును. 32లో 22 మాత్రమే వాడుకలో ఉన్నచో 64 కొనుట వృథా. 16లో 15 నిండి, డిస్కు కూడ విరామము లేక పనిచేయుచున్నచో మెమొరీ పెంచుట అవసరము.

జబ్బును బట్టి మందు ఈయవలెను. చిత్రము మధ్యమధ్య ఆగి దుముకుచు, మెమొరీ నిండి ఉన్నచో అది మెమొరీ కొరత. ఆగకుండ ఎల్లప్పుడు ఒకే తీరున మందముగా నడచుచున్నచో లోపము ప్రాసెసరులోనో, గ్రాఫిక్స్ కార్డులోనో ఉండును. క్రింది నేల అలుకుకొనిపోయి, గోదావరి వంతెనలు ముద్దలుగా కనిపించుచున్నచో పెక్కుసార్లు ఇంటర్నెట్ వేగమే కారణము. ప్రపంచపు నేల చిత్రములు ఏ ఇంటి డిస్కులోను పట్టవు. అవి విమానము పోవుకొలది దూరపు కేంద్రములనుండి వచ్చుచుండును. 2024నాటి కార్యక్రమమునకు సెకనునకు కనీసము 10 మెగాబిట్ల వేగము, సాధారణముగా 50 ఉండవలెనని సూచన. పల్లెలో ఇంటర్నెట్ మందముగా ఉన్నప్పుడు ఎంత మెమొరీ పెట్టినను ఆ ముద్దలు వంతెనలు కావు.

ఒకటి కాదు, రెండు

ఒకే 32 గిగాబైట్ల పలకకంటె రెండు 16 గిగాబైట్ల పలకలు మేలు. ప్రాసెసరునకును మెమొరీకిని నడుమ సాధారణముగా రెండు దారులుండును. ఒక్క పలకయే ఉన్నచో రెండవ దారి ఖాళీగా ఉండిపోవును. డి.డి.ఆర్.4 రకములో 3200 వేగముగల పలక సెకనునకు 25.6 గిగాబైట్లు అందింపగలదు. రెండు దారులు కలిసి 51.2. ఒక కాలువకు బదులు రెండు కాలువలు పారినట్లే. డి.డి.ఆర్.4 పలక డి.డి.ఆర్.5 గాడిలో ఇమడదు. కావున పలకను కొనుటకు ముందు మదర్‌బోర్డు ఏ రకమో, గాడులెన్నో విచారింపవలెను. కొన్ని ల్యాప్‌టాపులలో మెమొరీ బోర్డుకే అతికింపబడి ఉండును. అట్టివానిలో తరువాత పెంచుటకు వీలులేదు.

ఇక ఎంత కొనవలెను? పాత కార్యక్రమమును మితమైన వివరములతో నడుపువారికి 16 గిగాబైట్లు సరిపోవును. నేడు క్రొత్తగా కంప్యూటరు కొనువారిలో ఎక్కువమందికి 16 చొప్పున రెండు పలకలు, మొత్తము 32, తగిన కొలత. బరువైన అదనపు విమానములు పెక్కింటిని చేర్చుకొని, కొలిచి చూచినప్పుడు 32 నిండుచున్నదని కనుగొన్నవారు మాత్రమే 64కు పోవలెను. మిగిలిన సొమ్ముతో మెరుగైన గ్రాఫిక్స్ కార్డును కొన్నచో, గన్నవరములో దిగునప్పుడు ఆ తేడా కంటికి కనిపించును.