రంగు ఊడదీసే డబ్బాలో విషవాయువు

పాతబస్తీ ఇళ్లలో పాత దర్వాజాకు పాలిష్ పట్టించాలంటే, ముందు ఏళ్ల తరబడి వేసిన రంగుపూతలన్నీ ఊడిరావాలి. బ్లేడుతో గీకితే రోజంతా పట్టే పని పెయింట్ రిమూవర్‌తో నిమిషాల్లో అయిపోతుంది. కుంచెతో పూయగానే రంగు బుడగలుగా లేచి, పొరలుగా విడిపోతుంది.

ఈ మహిమ చాలా రిమూవర్లలో ఉండే మిథిలీన్ క్లోరైడ్‌ది. దాని చిన్న చిన్న అణువులు రంగుపొరలోకి చొరబడి, దాన్ని ఉబ్బించి, చెక్కమీది పట్టు వదిలిస్తాయి. ఈ ద్రావకం దాదాపు 40 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. హైదరాబాద్‌లో మే నెల ఎండ 40 దాటడం మామూలే. రేకుల షెడ్డులో మూత తీసిన డబ్బాకు పొయ్యితో పనిలేదు.

ఈ ఆవిరి గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు, నేలబారున పేరుకుంటుంది. దర్వాజాను కింద పడుకోబెట్టి, గొంతుక్కూర్చుని గీకే మనిషి ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. అమెరికాలో 2000–2011 మధ్య స్నానపు తొట్ల పాత పూత తీస్తూ 13 మంది కార్మికులు చనిపోయారు. గాలి ఆడని బాత్రూమ్, తొట్టిలోకి వంగిన తల వాళ్ల ప్రాణం మీదికి తెచ్చాయి.

ఆవిరి ఎక్కువైతే మత్తు కమ్మి, స్పృహ తప్పి, ఊపిరి ఆగుతుంది. తక్కువైనా ముప్పు తప్పదు. ఒంట్లోకి చేరిన మిథిలీన్ క్లోరైడ్ కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుందని 1972లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే చంపేది ఈ వాయువే. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. పని ఆపి బయట చాయ్ తాగుతున్నా, ఒంట్లో మిగిలిన ద్రావకం నుంచి ఆ వాయువు గంటల తరబడి పుడుతూనే ఉంటుంది. గుండెజబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదం.

వాసన వచ్చాక జాగ్రత్తపడదామంటే ఆలస్యమే. అమెరికా కార్మిక నిబంధనల్లో గాలిలో దీని ఎనిమిది గంటల సగటు పరిమితి 25 పిపిఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు. ముక్కు పసిగట్టేసరికి గాలిలో అంతకు ఎన్నోరెట్లు ఉంటుంది. మూతికి కట్టిన రుమాలు దీన్ని ఆపదు, బొగ్గు ఫిల్టరు మాస్కు త్వరగా చేతులెత్తేస్తుంది, మామూలు రబ్బరు గ్లోవ్స్ గుండా నిమిషాల్లో దిగిపోతుంది. 2024లో అమెరికా దీని గృహ వినియోగాన్ని పూర్తిగా, పరిశ్రమల్లో చాలా వాడకాలను నిషేధించింది.

మేస్త్రీలైనా, పని చేయించుకునే ఇంటివారైనా డబ్బా మీద పేరు చదవండి. డైక్లోరోమీథేన్ అని ఉన్నా అదే మందు. అది లేని రిమూవర్ అడగండి, పని నాలుగు గంటలు ఆలస్యమైనా సరే. పాత రంగులో సీసం ఉండొచ్చు కనుక పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి. మిథిలీన్ క్లోరైడ్ వాడక తప్పదంటే దర్వాజాను ఆరుబయటికి తెచ్చి, ఎండ తగ్గాక మొదలుపెట్టండి. దగ్గర్లో బీడీ కూడా వెలిగించొద్దు. లోపల మనిషి పడిపోతే వెంటనే దూకేయకండి. బయటినుంచి తలుపులు, కిటికీలు తెరిచి, 108కి ఫోన్ చేయండి.