పావుగంటకు ఎన్ని ట్వీట్లు?

ఎన్నికలొచ్చినా, పెద్ద సినిమా విడుదలైనా, ఏదో పథకం మీద రగడ మొదలైనా ‘సోషల్ మీడియాలో జనం ఇలా అంటున్నారు’ అనే వార్త వెంటనే వచ్చేస్తుంది. ఇంత శాతం అనుకూలం, ఇంత శాతం వ్యతిరేకం అన్న అంకెలూ అందులో ఉంటాయి. ఆ పోస్టులను ఎవరు, ఏ దారిలో, ఎన్ని రోజుల్లో పోగుచేశారన్నది మాత్రం కనిపించదు. ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలో తేలేది అక్కడే. పెద్ద సోషల్ మీడియా కంపెనీ ఏదీ తన దగ్గరున్న పోస్టులన్నిటినీ అడిగినవాళ్లకు అడిగినంత ఇవ్వదు. నిమిషానికింత, రోజుకింత అని హద్దు పెడుతుంది. దాన్నే రేట్ లిమిట్ అంటారు. చాలామంది దాన్ని ఎలాగోలా దాటాల్సిన చికాకుగా చూస్తారు. నేను దాన్ని పరిశోధన పద్ధతిలో ఒక భాగమనే అంటాను. ఎవరి మాట మన లెక్కలోకి వస్తుంది, ఎవరిది రాదు అన్నది చాలావరకు ఆ హద్దే నిర్ణయిస్తోంది. అందుకే దానికి లోబడి పనిచేయాలి, దాని సంగతి చదివేవాళ్లకు చెప్పి తీరాలి.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. కంపెనీ సర్వర్‌ను మనిషికి బదులు ఒక ప్రోగ్రాం నేరుగా అడిగే దారిని ఏపీఐ అంటారు. అడిగేవాళ్లకు కంపెనీ ఒక తాళంచెవి లాంటి కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ మీద ఎన్నిసార్లు అడిగారో లెక్క రాసుకుంటుంది. ట్విటర్ పాత ఏపీఐలో ఒక అప్లికేషన్ పావుగంటకు 450 సార్లు వెతకగలిగేది, ఒక్కో వెతుకులాటకు గరిష్ఠంగా 100 ట్వీట్లు వచ్చేవి. అంటే పావుగంటకు 45,000. అది దాటితే ‘429’ అన్న జవాబు వస్తుంది. మరీ ఎక్కువగా అడుగుతున్నారు, ఆగండి అని దానర్థం. 2012లో ఇంటర్నెట్ ప్రమాణాల్లో చేర్చిన సంకేతమది. ఈ హద్దుకు న్యాయమైన కారణమే ఉంది. కాలువ పైభాగంలో ఉన్నవాళ్లు తూములన్నీ ఎత్తేస్తే చివరి ఆయకట్టుకు చుక్క రానట్టే, ఒకే ప్రోగ్రాం సర్వర్‌ను ఊపిరాడనివ్వకపోతే మిగతావాళ్ల పని ఆగిపోతుంది.

అయితే హద్దు డేటాను తగ్గించి ఊరుకోదు, దాని రూపాన్నే మార్చేస్తుంది. పాత ఏపీఐలో ఏ ఖాతా నుంచైనా చివరి 3,200 ట్వీట్లు మాత్రమే వెనక్కి తీసుకోగలిగేవారు. రోజుకు వంద ట్వీట్లు పెట్టే రాజకీయ నాయకుడి విషయంలో అది నెలరోజుల చరిత్ర. రోజుకొకటి పెట్టే ప్రొఫెసర్ విషయంలో దాదాపు తొమ్మిదేళ్లు. ఇద్దరి మాటతీరు కాలంతో పాటు ఎలా మారిందో పోల్చబోతే, తెలియకుండానే ఒకరి నెలను మరొకరి దశాబ్దంతో పోల్చినట్టవుతుంది. ట్విటర్ ఉచితంగా ఇచ్చిన ‘ఒక్క శాతం శాంపిల్’ కథ ఇంకా విచిత్రం. అందరూ దాన్ని లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచిన నమూనా అనుకున్నారు. పరిశోధకులు తవ్వి చూస్తే, ప్రతి సెకనులోనూ 657 నుంచి 666 వరకున్న పది మిల్లీసెకన్లలో నమోదైన ట్వీట్లే అందులోకి వస్తున్నాయని తేలింది. వేళ చూసుకుని పోస్టు చేసే ఆటోమేటిక్ ఖాతాలు కావాలనుకుంటే ఆ శాంపిల్‌లోకి తమ ట్వీట్లను జొప్పించగలవని 2018లో వచ్చిన ఒక అధ్యయనం నిరూపించింది. అంతకుముందు 2013లో అరిజోనా స్టేట్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు సిరియా మీద వచ్చిన ట్వీట్లను తీసుకుని, ఉచితంగా వచ్చే ప్రవాహాన్ని పూర్తి ప్రవాహంతో పోల్చారు. ముందు వరుసలో ఉన్న కొద్దిపాటి హ్యాష్‌ట్యాగులను చూస్తే రెండింటి క్రమం సరిగా కలవలేదు. ‘టాప్ ట్రెండ్స్’ అంటూ మనం చదివే జాబితాల కింద ఇలాంటి నేల ఉంటుంది.

హద్దులోనే ఉండి మంచి పని చేయవచ్చా అంటే, చేయవచ్చు. యూట్యూబ్ దీనికి చక్కని ఉదాహరణ. దాని ఏపీఐ మామూలుగా రోజుకు 10,000 యూనిట్లు ఇస్తుంది. ఒక్కసారి వెతికితే 100 యూనిట్లు ఖర్చవుతాయి, 50 ఫలితాలు వస్తాయి. రోజంతా వెతుకుతూ కూర్చుంటే 5,000 వీడియోల దగ్గర కోటా అయిపోతుంది. అవి కూడా యూట్యూబ్ తన లెక్కలో ముందుకు తెచ్చినవే. అదే ఒక చానల్ అప్‌లోడ్‌ల జాబితాను నేరుగా అడిగితే, ఒక్క యూనిట్‌కే 50 వీడియోల వివరాలు వస్తాయి, అదీ ఏ వడపోతా లేకుండా. కామెంట్లు యూనిట్‌కు వందదాకా వస్తాయి. కాబట్టి తెలుగు వార్తా చానళ్ల కింద జనం ఏం రాస్తున్నారో చూడాలనుకుంటే, వెతుకుడు పక్కనబెట్టి, ముందే ఒక నియమం ప్రకారం చానళ్లను ఎంచుకుని వాటి వీడియోల నుంచి నమూనా తీయాలి. తెలుగుకు ఈ జాగ్రత్త మరీ అవసరం. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, ఒకే మాటను నాలుగైదు రకాలుగా రాస్తారు. మాట పట్టుకుని వెతికితే ప్రతి రూపానికీ మళ్లీ వంద యూనిట్లు కోతపడతాయి. తెలుగు లిపిలో ఉన్నవాటితో సరిపెట్టుకుంటే లిపిలో టైపు చేయని వాళ్లందరి మాటా జారిపోతుంది.

మిగిలింది ఓపికకు సంబంధించిన విషయం. 429 వచ్చాక మళ్లీ మళ్లీ తలుపు బాదకుండా సర్వర్ చెప్పినంతసేపు ఆగాలి. ఎంతసేపో చెప్పకపోతే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని వ్యవధి పెంచుకుంటూ పోవాలి. ఒకసారి తెచ్చినదాన్ని దాచుకుని మళ్లీ అడగకుండా ఉండాలి. ఈ నిదానానికి కూడా ఒక మూల్యం ఉంది. పాత ట్విటర్‌లో మామూలు వెతుకులాట వారం వెనక్కి మించి వెళ్లేది కాదు. పోస్టులు వచ్చే వేగం మనం తెచ్చుకునే వేగాన్ని మించితే కొన్ని చేజారినట్టే. ఈలోగా తొలగించిన పోస్టులు, ముఖ్యంగా దూషణలు, అసలు దొరకవు. విద్వేషం మీద చేసే అధ్యయనంలో ఈ లోటు చెప్పకపోతే విద్వేషం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

పోస్టులు బహిరంగంగానే ఉన్నాయి కదా, పది ఖాతాలు తెరిచి పదిరెట్లు తెచ్చుకుంటే తప్పేమిటని కొందరు అడుగుతారు. ఒక్కో పోస్టు బహిరంగమే. లక్షల మందివి ఒకచోట చేరితే అది వేరే వస్తువవుతుంది. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహా సంస్థ ఉదంతంలో దాదాపు 8.7 కోట్ల మంది ఫేస్‌బుక్ సమాచారం చేతులు మారి ఉండవచ్చని 2018లో ఫేస్‌బుక్ కంపెనీయే ఒప్పుకుంది. హద్దులు వదులుగా ఉన్న కాలంలో, వినియోగదారుల స్నేహితుల వివరాలను కూడా ఒక యాప్ లాగేసుకున్న ఫలితమది. దొంగచాటు వసూళ్ల భారం మామూలు వాళ్ల మీదే పడుతుంది. 2023 జూలైలో ట్విటర్ యజమాని మస్క్, వెరిఫై కాని ఖాతాలు రోజుకు 600 పోస్టులే చదవాలని ఆంక్ష పెట్టినప్పుడు చూపిన కారణం డేటా దోపిడీయే. ఇంకో సంగతి కూడా ఉంది. అడ్డదారిలో తెచ్చిన డేటాను, ఎలా తెచ్చారో చెప్పలేని డేటాను మరొకరు సరిచూడలేరు. సరిచూడలేని దాన్ని రుజువుగా ఎలా తీసుకుంటాం?

రెండో అభ్యంతరం బలమైనది. ఇవన్నీ సర్వర్ భారం కోసం పెట్టిన హద్దులు కావు, వ్యాపారం కోసం కట్టిన గోడలంటారు. చాలాచోట్ల ఇది నిజం. 2021లో ట్విటర్ విద్యారంగ పరిశోధకులకు నెలకు కోటి ట్వీట్ల వరకు ఉచితంగా ఇచ్చింది. 2023లో ఆ దారి మూసి, నెలకు 100 డాలర్లు కడితే 10,000 ట్వీట్లన్న పథకం తెచ్చింది. వెయ్యో వంతుకు కుదించి, దానికీ ధర కట్టడమంటే ఇదే. ఆ ఏడాది ఫిబ్రవరి మొదట్లో ఉచిత ఏపీఐ ఆపేస్తామని ప్రకటించిన రోజుల్లోనే తుర్కియే, సిరియాల్లో భూకంపం వచ్చింది. సాయం కోసం పెట్టిన ట్వీట్లను ఏరి దారి చూపే ప్రోగ్రాములు నడుపుతున్న స్వచ్ఛంద కార్యకర్తలు గగ్గోలు పెట్టారు. 2024 ఆగస్టులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, బహిరంగ పోస్టులను పరిశీలించడానికి పరిశోధకులు వాడే తన క్రౌడ్‌టాంగిల్ సాధనాన్ని మూసేసింది. ఈ గోడలను ప్రశ్నించాల్సిందే. అందరికీ సమానంగా వర్తించే వంతును గౌరవించమనడం, డబ్బున్నవాడికే తెరుచుకునే తలుపును ఒప్పుకోమనడం కాదు. తలుపు తెరిపించే బలం చట్టానికుంది, దొంగ ఖాతాలకు లేదు.

యూరప్ ఆ దారిలో నడిచింది. అక్కడి డిజిటల్ సర్వీసెస్ చట్టం 40వ అధికరణం, అర్హులైన పరిశోధకులకు పెద్ద వేదికలు డేటా ఇచ్చి తీరాలంటుంది. కానీ అది యూరప్ సమాజానికి ఎదురయ్యే ముప్పుల అధ్యయనానికే వర్తిస్తుంది. తెలుగులో పుట్టి వాట్సాప్ నుంచి యూట్యూబ్‌కు పాకే పుకార్లను అనుసరించాలనుకునే హైదరాబాద్ పరిశోధకురాలికి ఆ హక్కు లేదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు కొన్ని మినహాయింపులు ఇచ్చింది. డేటా చూపించమని కంపెనీని అడిగే అధికారం మాత్రం పరిశోధకులకు ఇవ్వలేదు. ఆ అధికారం వచ్చేదాకా ఆమె చేతిలో మామూలుగా ఉండేది యూట్యూబ్ రోజుకు ఇచ్చే పదివేల యూనిట్లు. వాటితో ఏ చానళ్లను ఏ నియమంతో ఎంచింది, ఏ తేదీల్లో తెచ్చింది, కోటా ఎక్కడ తెగింది, ఏ లిపిలో రాసినవాళ్లు మిగిలిపోయారు అన్న నాలుగు వాక్యాలు తన శాతాల పక్కనే అచ్చు వేయమని ఆమె పట్టుబట్టవచ్చు. వాటిని కోరే హక్కు ఆ శాతాలను చదివే మనకూ ఉంది.